తాంబూలం సంగతి లాయరుకు చెప్పాలా?

అడగకుండానే దారి చూపించే శ్రీరామచంద్రుడికి ముందుగా నమస్కారం. నోరిచ్చినవాడు ఆయనే, ఆ నోటికి పాటిచ్చినవాడూ ఆయనే. మా భజన మండలిలాంటి గోలవాళ్ళని ఇన్నేళ్ళుగా విసుక్కోకుండా విన్నవాడు కూడా ఆయనే. ఆయనకి జయం పలికాకే ఈ కోర్టు గొడవ మొదలుపెడతాను.

మాది భోగాపురం దగ్గర ఊరు. మా భజన మందిరం ఉన్న స్థలాన్ని మా తాతల కాలంలో ఒక పెద్దాయన నోటిమాటగా ఇచ్చారు. విమానాశ్రయం పుణ్యమా అని చుట్టుపక్కల ధరలు పెరిగాక, ఆ పెద్దాయన మనవడు విశాఖపట్నం నుంచి వచ్చి మందిరానికి తాళం వేసి వెళ్ళాడు. స్వామి లోపల, మేము బయట. ఆ శనివారం భజన రోడ్డు మీద చేశాం, లారీలకు పక్కకి తప్పుకుంటూ. నేను అక్షరాలు దిద్దింది ఆ గచ్చు మీదే. అది పోతే మాకు ఇంకో చోటు లేదు.

లాయరు దగ్గరికి వెళ్ళక తప్పదని తేలింది. మాలో ఎవరికీ కోర్టు ముఖం తెలియదు. అందుకని పారాయణానికి ఎలా సిద్ధమవుతామో అలాగే సిద్ధమయ్యాం. మండలికి పెద్దని కనుక నేను మందిరం చరిత్రని ప్రార్థనతో మొదలై మంగళంతో ముగిసేలా కూర్చుకున్నాను. కరెంటు బిల్లులు, శంకుస్థాపన ఫొటో పసుపు గుడ్డలో మూటకట్టాం. అందరం తలస్నానాలు చేసి బస్సెక్కాం.

విజయనగరంలో మొదటి లాయరుగారిని చూడగానే నచ్చేశారు. నుదుట నిలువు బొట్టు, గది నిండా దేవుడి పటాలు, బల్ల మీద వెలుగుతున్న అగరొత్తి. డోలక్ వాయించే మా బావ నన్ను మోచేత్తో పొడిచి, "మనోడే బావా" అన్నాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మా అలవాటు అక్కడే బయటపడింది. మందిరంలో నేనొక మాట పాడితే మిగతావాళ్ళు అందుకుంటారు.

"ఆ స్థలం మాకు నోటిమాటగా ఇచ్చారు" అన్నాను.

"నోటిమాటగా ఇచ్చారు" అన్నారు వెనక నుంచి అందరూ.

"మొన్న వచ్చి తలుపు మూసేశారు" అన్నాను.

"తలుపు మూసేశారు" అన్నారు, కాస్త రాగం కూడా కలిపి. బావ వేళ్ళు అప్పటికే కుర్చీ చేతి మీద దరువు వేస్తున్నాయి.

లాయరుగారు మురిసిపోయారు. "ఇంతమంది ఒకే మాట మీద ఉన్నాక ఇంకేం కావాలి? కేసు మనదే!"

ఆ ఉత్సాహంలో బావ ఉండబట్టలేకపోయాడు. "మేవెప్పుడూ మర్యాద తప్పనేదండి. ఏటా నవమికి ముందర ఆ పెద్దాయనోలింటికి తాంబూలం అట్టుకెల్లి, పందిరి ఎయ్యమంటారా అని అడిగే ఏస్తన్నాం."

లాయరుగారి నవ్వు ఆరిపోయింది. "ఆ సంగతి ఇంకెక్కడా ఎత్తకండి. ఏటా అనుమతి అడిగారంటే స్థలం వాళ్ళదేనని మీరే ఒప్పుకున్నట్టు. తాంబూలం ఎప్పుడూ ఇవ్వలేదనండి. ఇందాకటిలాగే అందరూ ఒకే గొంతుతో అనండి."

ఈసారి ఎవరూ అందుకోలేదు.

బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. తలుపు తెరుచుకుంటుందంటే ఆ ఒక్క మాటా అనేస్తే ఏం పోయిందని నాకూ అనిపించింది. మాతో వచ్చిన మా పెద్దమ్మ మాత్రం టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. "ఏటీ? రావుడి గుడి కోసం అబద్దవాడాలా? అంతకన్నా ఆ తాళవే నయం."

"మరి గెలవాలా వద్దా పెద్దమ్మా?" అన్నాడు బావ.

"నోర్ముయ్యి. ఇంకో లాయర్ని సూడండి."

పెద్దమ్మే తన కూతురి ఆస్తి తగాదా చూసిన లాయరమ్మ దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళింది. ఆ గదిలో ఫ్యాను, పుస్తకాలు, కుర్చీలు, అంతే. "ఒక్క దేవుడి పటవూ నేదేటి బావా?" అని బావ దిగులుపడ్డాడు.

నేను గొంతు సవరించుకుని ప్రార్థన ఎత్తుకోబోయాను. "అది తరవాత. ముందు మీకేం కావాలో చెప్పండి" అందావిడ.

"తలుపు తెరవాలి" అన్నాను.

"తలుపు తెరవాలి" అంది మండలి.

ఆవిడ కళ్ళజోడు తీసి అందర్నీ ఒకసారి చూసింది. తరవాత వరండాలోకి పంపించేసి, ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలిచింది. అలా విడివిడిగా అడిగితే నాకే తెలియని సంగతులు బయటికొచ్చాయి. మందిరం గచ్చు చేయించినప్పుడు స్థలమిచ్చిన ఆ పెద్దాయనే దగ్గరుండి నీళ్ళు పోయించాడట. పెద్దమ్మ కళ్ళారా చూసింది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట!

నా వంతు వచ్చింది. ధైర్యం జారకముందే తాంబూలం సంగతి చెప్పేశాను.

"ఇది మనకి దెబ్బే. కానీ రేపు అవతలివాళ్ళ నోట వినేకంటే ఇవాళ మీ నోట వినడం నాకు మేలు" అని రాసుకుంది. "వాళ్ళు ఎప్పుడైనా వద్దన్నారా?"

"లేదమ్మా. ఆ మనవడైతే చిన్నప్పుడు మా పళ్ళెంలో అరటిపళ్ళు లాక్కుని పారిపోయేవాడు."

ఆవిడ మొదటిసారి నవ్వింది. "అయితే ముందు ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడదాం. ఆ ఇంటితో మీకున్న మర్యాద అక్కడ పనికొస్తుంది. కుదరకపోతే కేసు వేద్దాం. గెలిపిస్తానని మాత్రం మాటివ్వను."

మెట్లు దిగుతూ బావ గొణిగాడు. "పటవూ నేదు, గెలుస్తావనీ సెప్పనేదు. ఈవిడేటి లాయరు?"

"మన సేత అబద్దవాడించనేదు. సాలదేటిరా?" అంది పెద్దమ్మ.

అంతే, ఆవిడకే వకాలతు ఇచ్చాం. వచ్చే వారం మాతో కూర్చుంటానని మనవడు కబురు పంపాడు. తాళంచెవి ఇంకా ఆయన దగ్గరే ఉంది.

చదువుతున్న మీరు ఏ దేవుడికి మొక్కేవారైనా సరే, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని మాతో కలిసి అడగండి. రామా, ఆ పిల్లవాడికి వాళ్ళ తాత మనసియ్యి. అతని ఎదుట ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం మాకియ్యి. ఆ తలుపు తెరిపించు.