మూడో బల్ల తూకం

పోయిన వారం మా ఇంటి దగ్గరి పెద్ద దుకాణంలో సరుకులు కొనుక్కుని బయటికి వస్తుంటే, గుమ్మం దగ్గరి కాపలా అమ్మాయి నా ముందు వెళ్లిన ఏడెనిమిది మందినీ వదిలేసి నన్ను మాత్రం ఆపింది. సంచిలో చేయి పెట్టి, రెండు పొట్లాలు పైకి తీసి, బిల్లుతో సరిచూసి, అందరినీ చూడలేం కదమ్మా, మధ్య మధ్య ఒకరిని చూస్తాం, ఏమీ అనుకోకండి అంది. నాకు కోపం రాలేదు. ఆ పిల్ల చేసే పనిని మా బీకాం పుస్తకంలో ప్రతిచయనం అనేవారు. ఒకప్పుడు జీతం తీసుకుని నేనూ ఆ పనే చేశాను. చేయడమే కాదు, దానితో ఒక మనిషి పరువు తీశాను. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి ప్రభుత్వోద్యోగం మీద పట్నం వచ్చి ఛత్రినాకలో రెండు గదుల అద్దె ఇంట్లో కాపురం పెట్టారు. నేను అక్కడే పెరిగి, తెలుగు మాధ్యమంలో బీకాం చదివాను. అందరూ భయపడే వ్యాపార గణాంక శాస్త్రం నాకు మాత్రం ఇష్టంగా ఉండేది. అందుకు కారణం మా మాస్టారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు, నిజమే, అయితే అది గరిటెతో బాగా కలిపిన కుండ అయి ఉండాలి సుమా అని ఆయన మొదటి రోజే చెప్పారు. చదువు కాగానే నాన్నగారికి తెలిసినవారి మాట మీద బేగంబజారు వెనక సందులో, టీ పొడిని పొట్లాలు కట్టి అమ్మే ఒక చిన్న కార్ఖానాలో నాకు పని దొరికింది.

అక్కడ నాలుగు బల్లలు, బల్లకొక ఆడమనిషి. ప్రతి బల్ల మీదా ఒక త్రాసు, రెండు వందల గ్రాముల ఇనుప తూకం రాయి ఒకటి. వాళ్లు తూచి పొట్లం కట్టి పెట్టెలో వేసేవారు. నేను పూటకు రెండుసార్లు ఒక్కో పెట్టెలోంచి అయిదేసి పొట్లాలు తీసి, ఆఫీసు గదిలోని నా త్రాసు మీద మళ్లీ తూచి, సగటు కట్టి, గోడకు అంటించిన గళ్ల కాగితం మీద చుక్క పెట్టేదాన్ని. కాగితం మధ్యలో ఒక గీత, పైనా కిందా రెండు హద్దు గీతలు. చుక్క ఆ హద్దుల మధ్య ఉంటే పని సవ్యంగా ఉన్నట్టు. ఏ పొట్లం తీయాలో నా ఇష్టానికి వదలకుండా డబ్బాలో అంకెల చీటీలు వేసి, వాళ్ల ఎదుటే తీసేదాన్ని. మొదట్లో అదంతా వాళ్లకు నవ్వులాటగా ఉండేది.

మూడో బల్ల దగ్గర కూర్చునే అక్క మా వీధివాసే, చివరి ఇంట్లో పాలవ్యాపారం చేసేవాళ్ల కోడలు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. పొద్దున్నే ఛత్రినాకలో ఇద్దరం కలిసి బస్సెక్కేవాళ్లం, కొంగుతో సీటు దులిపి నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టేది. పట్నంలో ఆడపిల్ల ఎలా నడవాలో, ఎవరికి ఎంత జవాబు చెప్పాలో నాకు నేర్పింది ఆవిడే.

ఆరేడు నెలలు ఇలా సాగాక గుడిమల్కాపూర్ నుంచి ఒక దుకాణదారు పొట్లాల పెట్టె వెనక్కి తెచ్చి, తూకం తక్కువుందని మా యజమాని సేఠ్ ముందు పడేసి వెళ్లాడు. సేఠ్ తలుపు వేసుకుని నన్ను పిలిచాడు. ఎవరో పొడి దాస్తున్నారని ఆయనకు అప్పటికే నిశ్చయం, పేరు మాత్రం నేను తేల్చాలి. ఆ మర్నాటి నుంచి సాయంత్రం వెళ్లేటప్పుడు బల్లల దగ్గరి నలుగురి సంచులూ దులపడం మొదలైంది. బల్లల మధ్య కబుర్లు ఆగిపోయాయి. ఒకరు నీళ్లు తాగడానికి లేస్తే మిగతా ముగ్గురూ తలెత్తి చూసేవారు. నేను చీటీల డబ్బా పట్టుకుని వస్తుంటే పోలీసు వచ్చినట్టు చేతులు ఒళ్లోకి తీసుకునేవారు.

పెట్టె వెనక్కి రావడానికి రెండు మూడు రోజుల ముందు నుంచే మూడో బల్ల చుక్కలు కింది గీత దాటి పడుతున్నాయి. వారం చూశాను. ఆ వారంలో నా మనసు ఎంత దూరం పోయిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. బోనాల రోజు వాళ్లింట్లో తాగిన టీ అంత చిక్కగా ఎందుకుందా అనుకున్నాను. పాలవాళ్ల ఇంట్లో టీ చిక్కగా కాక ఎలా ఉంటుందని తోచనే లేదు. అన్నం డబ్బా ఖాళీ చేశాక కూడా బరువుగా పట్టుకున్నట్టు కనిపించింది. ఒకరోజు బస్సులో చోటున్నా వెనక్కి వెళ్లి నిలబడ్డాను. ఆవిడ తిరిగి చూసింది, పిలవలేదు.

చివరికి పుస్తకంలో చెప్పినట్టే చేశాను. తేడా ఏమీ లేదనే శూన్య పరికల్పనతో మొదలుపెట్టి, లెక్క కట్టి చూస్తే, అంత తగ్గుదల కాకతాళీయంగా రావడం దాదాపు అసంభవమని తేలింది. మూడో బల్ల దగ్గర తూకం తగ్గుతోంది, ఇది యాదృచ్ఛికం కాదు అని రెండు వాక్యాలు రాసి ఇచ్చాను. నేను బల్ల అని రాశాను, సేఠ్ మనిషి అని చదువుకున్నాడు. అలా చదువుకుంటాడని నాకు తెలియదా అంటే, తెలుసు.

మధ్యాహ్నం అన్నాలవేళ అందరి ముందూ అక్క సంచి బోర్లించారు. పొడి ఒక్క రేణువు లేదు. అయినా సేఠ్ గోడమీది కాగితం చూపించి, "చూడు, కాగితం ఝూటా మాట్లాడదు, రేపటి నుంచి రావద్దు" అన్నాడు. ఆవిడ కింద పడ్డవన్నీ నిదానంగా ఏరుకుంది. గుమ్మం దగ్గర నా ముందు ఆగింది.

"నువ్వు రాసినవా బిడ్డా?"

నేను తలవంచుకున్నాను. ఆవిడ వెళ్లిపోయింది.

మర్నాడు ఆ బల్ల దగ్గర కొత్త మనిషి కూర్చుంది. నాలుగు రోజులు చుక్కలు పెట్టాను. అవి ఇంకా కిందనే పడుతున్నాయి. సేఠ్‌కు మాత్రం అనుమానం ఇంకా పెరిగింది. "అందరు మిలే హువే హై, అంతా కుమ్మక్కే. ఆమె, నువ్వు ఒక్క బస్సులనే వస్తరంట గదా?" అన్నాడు. ఆ సాయంత్రం నా సంచి కూడా దులిపారు. దువ్వెన, రుమాలు, నాన్నగారికి కొన్న మందులు నేలమీద పడ్డాయి. తప్పు చేయకపోయినా ముఖం ఎర్రబడుతుందనీ, చూసేవాళ్లకు ఆ ఎరుపే రుజువులా కనబడుతుందనీ ఆ నిమిషంలో తెలిసింది.

ఆ ఆదివారం గళ్ల కాగితం నకలు పట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"చుక్కలు ఒక్క రోజులో కిందికి దిగాయి. దిగాక మళ్లీ అన్నీ ఒకే ఎత్తులో పడుతున్నాయి. దొంగ చేయి ఇంత నికరంగా ఉంటుందా అమ్మా? ఒకరోజు ఎక్కువ తీస్తుంది, ఒకరోజు భయపడి తక్కువ తీస్తుంది. మనిషిని మార్చారు సరే, ఆ బల్ల మీద మార్చనిది ఏముంది?"

సోమవారం అందరికంటే ముందు వెళ్లి, మూడో బల్ల రాయిని నా త్రాసులో ఒక పక్క, నా రాయిని ఇంకో పక్క పెట్టాను. దాని పళ్లెం పైకి లేచింది. తిరగేసి చూస్తే, రాయి అడుగున గుంటలో సరైన తూకం కోసం పోసి ముద్ర కొట్టే సీసం ఊడిపోయి, గుంట ఖాళీగా ఉంది. తడిమిన వేలికి టీ పొడి అంటింది. ఎప్పుడు ఊడిందో ఎవరూ చూడలేదు. ఆడవాళ్ల చేతులు, సంచులు, డబ్బాలు అన్నీ అనుమానించాను గాని, ఆ రాయి మీదికి నా చూపు పోలేదు.

సేఠ్ మూడుసార్లు తూచి చూశాడు. కొత్త రాయి తెప్పించాడు, చుక్కలు లేచి నడిమి గీత చుట్టూ చేరాయి. అయినా సీసం ఎవరో కావాలనే పీకారేమో అని గొణుగుతూనే ఉన్నాడు. ఆమెను రమ్మను అన్నాడే గాని, తప్పు జరిగిందని నలుగురి ముందూ చెప్పమంటే ఒప్పుకోలేదు. నేనే ఆ కాగితం అడుగున పెద్ద అక్షరాలతో, తక్కువ తూగింది రాయి, మనిషి తప్పు లేదు అని రాశాను. సాయంత్రానికి కాగితం గోడమీద లేదు. ఆ నెలాఖరుకు నేనూ అక్కడ లేను.

కానీ అంతకుముందే, ఆ సోమవారం సాయంత్రమే, అక్క ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని, పూల మార్కెట్టు నుంచి తెచ్చుకున్న చేమంతులతో అమ్మకానికి మాలలు కడుతోంది. జరిగిందంతా చెప్పి, మళ్లీ పనికి రమ్మన్నాను. చేతిలో దారం ఆపకుండానే విన్నది.

"రాయి తప్పు రాయిదే అన్నరు, మంచిగైంది. నా సంచి దులిపింది ఏడికి పోతది?" అంది. దారం ముడి వేసి, "సేఠ్ సంగతి ఇడువు. నువ్వు లెక్క జెయ్యకముందుకే బస్సుల నా పక్కకు కూసునుడు బంద్ జేసినవ్. గప్పుడే సమజైంది నాకు" అంది.

నేరం చేయనివారిని నేరస్థులనడం మొదటి రకం దోషమని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ దోషం లెక్కలో జరగలేదు, లెక్క కట్టడానికి వారం ముందే నా మనసులో జరిగిపోయింది.

ఆవిడ పనికి రాలేదు. పూలవ్యాపారంలోనే నిలదొక్కుకుంది. ఏటా బోనాలకు మా ఇంటికి మాల పంపేది. నేను ఎదురుపడితే మాత్రం, బాగున్నారా మేడమ్ అని పలకరించేది. ఆ మర్యాద నాకు తిట్టులా తగిలేది.

తర్వాత చాలా ఏళ్లు నేను కాలేజీ పిల్లలకు ఆ గణాంకాల పాఠమే చెప్పి పదవీ విరమణ చేశాను. అక్క పోయి చాలాకాలమైంది. బేగంబజారు సందుల్లో చేత్తో తూచి పొట్లం కట్టేవారు ఇప్పుడు అరుదు. యంత్రం తూస్తుంది, కెమెరా చూస్తుంది, ఎవరిని అనుమానించాలో కంప్యూటరు చెబుతుందట. మా కాలంలోనూ అనుమానం తక్కువేమీ కాదు, దానికి నేనే సాక్షిని. కాకపోతే అనుమానించినవారూ, అనుమానం మోసినవారూ ఒకే వీధిలో బస్సు దిగేవారు. తప్పు తెలిసిన రోజున నడిచి వెళ్లి, తలవంచుకుని నిలబడడానికి ఒక వాకిలి ఉండేది.