అన్న అడిగిన సమాధానం

“సమాధానం నేనెందుకు చెప్పాలయ్యా? గోడకి మేకు కొట్టి నా సీసాలు పడగొట్టింది వాడు!” మందుల షాపాయన గొంతు వెల్డింగ్ షెడ్డు దాకా వినబడింది.

“నా వైపు గోడకి నేను కొట్టుకున్నా!” అన్నాడు పక్క కొట్టు టైలరు.

చర్చిలో వాక్యం చెప్పే అన్న మధ్యలో నిలబడి ఒకటే పాట పాడుతున్నాడు. “మీ ఇద్దరికీ సమాధానం కావాలి. అది దొరికేదాకా నేను కదలను.”

షెడ్డులో గేటు ఊచలు అతుకుతున్న తమ్ముడికి నవ్వాగలేదు. చర్చిలో సమాధానమంటే శాంతి, బజార్లో జవాబు. ఆ ముక్క చెబితే గొడవ సగం చల్లారేది. చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? రెండు దేశాలు సంధి చేసుకున్నాయని టీవీలో వస్తే చాలు, వీధంతా అన్న చుట్టూ మూగేది. అన్న యెషయా ప్రవచనం తెరిచి, “చేతులు కలిపితే చాలదు, కత్తులు సాగగొట్టి నాగళ్ళు చెయ్యాలి” అనేవాడు. నిజంగా ఇనుము సాగగొట్టడం వచ్చినవాడు తమ్ముడు. కాలేజీ మానేసినవాడని అతన్ని మాత్రం ఎవరూ ఏదీ అడగరు.

గొడవ ఎంతకీ తెగకపోయేసరికి అన్న షెడ్డుకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. “ఎందుకురా నవ్వావు?”

“నువ్వు శాంతి అనుకుని సమాధానం అంటుంటే వాళ్ళకి సంజాయిషీ అడిగినట్టుంది.”

తిడతాడనుకున్నాడు తమ్ముడు.

“నా నోటికి చర్చి మాటే వస్తుందిరా. వాళ్ళకర్థమయ్యేలా నువ్వెళ్ళి రాజీ చెయ్యి. ఈ ఊచలు నేను పట్టుకుంటా.”