బాలస్వామి సంతకం చేసిన ఫోటో

మా హాల్లో ఎనిమిదేళ్ళుగా ఒక ఫోటో ఉంది. కల్వకుర్తి అవతల ఒక గుట్టను తొలిచి చెక్కుతున్న హనుమంతుడి ముఖం అది. ఒక చెంప నున్నగా తేలింది, రెండోది ఇంకా ఉత్త బండే. కింద నీలం ఇంకుతో 'బాలస్వామి' అని సంతకం. ఆ ముఖం చెక్కిన పెద్దాయన పేరు అది. దేవుడి రాయి మీద తమ పేరు చెక్కుకునే అలవాటు ఆ శిల్పులకు లేదట. ఫోటో తీసిన వారానికి ఒక కాపీ వేయించి తీసుకెళ్తే, కాగితం మీదైతే తప్పులేదని నవ్వుతూ సంతకం పెట్టి ఇచ్చారు. "మీకూ తెచ్చిస్తాను" అని మాటిచ్చి వచ్చాను. రేపు, ఎల్లుండి అంటూ ఎనిమిదేళ్ళు గడిపేశాను. మొన్న గోడలకు రంగులు వేయించడానికి ఆ ఫ్రేము దింపినప్పుడు నిజంగా సిగ్గేసింది. వెంటనే పెద్ద సైజులో ఒకటి వేయించాను.

ఉదయం ఆరున్నరకు ఎంజీబీఎస్‌లో శ్రీశైలం వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టే. కడ్తాల్, ఆమనగల్ మీదుగా రెండున్నర గంటల్లో కల్వకుర్తి చేరాం. బస్టాండు ఎదుట ముప్పై రూపాయలకు ఇడ్లీ తిని, యూసుఫ్ అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ ఆరువందలన్నాడు. ఎండాకాలం కదా అని నేను బేరమాడలేదు.

"దర్శనానికా మేడం? ఇప్పుడు మస్తు మంది వస్తున్నరు. శనివారమైతే జాగా దొరకది" అన్నాడు దారిలో.

గుట్ట చూసి నేను గుర్తుపట్టలేకపోయాను. విగ్రహం పూర్తయింది, ఒళ్ళంతా సింధూరం రంగు, కిరీటానికి బంగారు పూత. ఉలి గీత ఒక్కటీ కనిపించదు. మెట్ల దగ్గర నల్లరాతి పలకలో చందాలిచ్చిన వాళ్ళ పేర్లు మాత్రం బారెడున్నాయి. టెంకాయల దుకాణంలో అడిగితే బాలస్వామి ఇల్లు చూపించారు.

ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. నాలుగు మాటలకొకసారి దగ్గు. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు పట్టిందట, గుట్ట ఎక్కి మూడేళ్ళయిందట. నన్ను చూడగానే గుర్తుపట్టి లోపలికి కేకేశారు.

"స్రవంతీ, ఉరుకు! నేను జెప్తలేనా ఫోటో మేడమని, గీమెనే!"

పదేళ్ళ మనవరాలు పరుగున వచ్చింది. గుట్ట మీది దేవుణ్ణి మా తాతే చెక్కాడని ఈ పిల్ల బళ్ళో చెబితే ఎవరూ నమ్మడం లేదట. ఫోటో వస్తది, అప్పుడు చూపియ్యి అని ఆయన చెబుతూ వచ్చారట. నేను గర్వంగా కవరు విప్పాను. ఆ పిల్ల ఫోటో మీద వేలు పెట్టి వెతికింది.

"గీ ఫోటోల తాత యాడున్నడు?"

బాలస్వామి దగ్గరగా పట్టుకుని చూశారు. "ఇది గాదు మేడం. ఇంకోటి తీసిన్రు గద! నేను మంచె మీద నిలబడి ఉలి పట్టుకున్న, హనుమంతుని ముక్కు కాడ. అది తెచ్చిన్రా?"

తీశాను. ఆయన తల ఆ చెంపకు అడ్డం వచ్చిందని, ఫోటో పాడైందని అదే రోజు బస్సులో చెరిపేశాను.

"అది... ఫోన్ పోయింది పెద్దాయనా, దాంతోపాటే పోయింది" అన్నాను. అబద్ధం.

"పోనీ తియ్ మేడం, ఫికర్ జెయ్యకు. పోయినదానికి ఎవలేం జేస్తరు" అని ఆయనే నన్ను ఓదార్చారు. పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఒకటి తీస్తానంటే వద్దని తల ఊపారు. "అరుగు మీద కూసున్న ముసలోన్ని చూసి ఎవరు నమ్ముతరు?"

తిరుగు ప్రయాణమంతా ఆ పిల్ల ముఖమే కళ్ళముందు తిరిగింది. ఆలస్యం చేసినందుకు ఆయన క్షమించారు. చెరిపేసిన సంగతి దాచి అబద్ధమాడాను కనుక దానికి క్షమాపణ అడిగే అవకాశం కూడా పోగొట్టుకున్నాను. నాకు కావలసింది రాయి, వాళ్ళకు కావలసింది మనిషి.

వెళ్ళాలనుకునేవారు తొమ్మిదిలోపే గుట్ట చేరుకోండి, తర్వాత మెట్లు కాలుతాయి. దారిలో ఎక్కడైనా పని జరుగుతుంటే ఫోటో తీయండి, కానీ మనిషి అడ్డం వచ్చాడని మాత్రం దాన్ని చెరిపేయకండి.