మూడు మూరల అరుగు

చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర టైర్ల దుకాణం పైన నా ఆఫీసు. ఆఫీసంటే ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, మూడు కుర్చీలు. ఇళ్లు కట్టుకునేవాళ్లకు ప్లాన్లు గీసిస్తాను. నా పేరు అనూహ్య. ఐదేళ్లుగా ఇదే పని కాబట్టి, ఇల్లు కట్టుకునేవాళ్ల పిచ్చి నాకు బాగా తెలుసు. యాభై గజాల జాగా ఉన్నవాళ్లు కూడా ఫోన్లో దుబాయ్ బంగళా ఫొటో పట్టుకుని వస్తారు. "మేడం, ఇంటి ముంగట ఎలివేషన్ గిట్ల రావాలె" అంటారు. పడకగదిలో మంచం పడుతుందా అని అడిగేవాళ్లు పదిమందిలో ఒక్కరు. నాకు ఒళ్లు మండుతుంది. మండినా నవ్వుతూ గీసిస్తాను, ఎందుకంటే ఆఫీసు అద్దె కట్టాలి.

సక్కుబాయి ఫొటో తేలేదు. సంచినిండా పూలు తెచ్చింది.

ఆమెకు యాభై ఆరేళ్లు. పద్దెనిమిదేళ్లప్పుడు ఆటో నడిపే సోమయ్యను చేసుకుని ఈ వైపు వచ్చింది. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి పూలు తెస్తుంది. అద్దె ఇంటి ముందు గల్లీలో గోనెపట్టా పరిచి, ఆరుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని అల్లుతుంది. పెళ్లి దండలు, దర్గాలో కప్పే పూల చాదర్లు, నికాలకు పెళ్లికొడుకు ముఖం మీద వేలాడే సెహ్రాలు. ఆమె సెహ్రా కట్టిందంటే పెళ్లికొడుకు ఎంత ఊగినా మల్లె ఒక్కటి రాలదని పేరు. బార్కస్ నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. అంత పేరున్న మనిషికి, ఈమధ్యే చిన్న ప్లాటు కొనేదాకా, కూర్చోవడానికి సొంత జాగా లేదు. గల్లీలోకి బండి వచ్చిన ప్రతిసారీ అందరూ పూలు ఎత్తుకుని, గోనెపట్టా మడిచి, గోడకు అతుక్కుని నిలబడాలి. బండివాడు హారన్ కొట్టడం మాత్రం ఆపడు.

ఆమె వెంట కొడుకు శ్రవణ్‌కుమార్ వచ్చాడు. కొరియర్ కంపెనీలో పని. మంచివాడే కానీ అతని ఫోన్లోనూ దుబాయ్ బంగళా ఉంది.

"మేడం, ముంగట మొత్తం పార్కింగ్ రావాలె. స్టీల్ గేటు, గోడకు టైల్స్. ఇగ నా బైకు అయితే లోపలికి రావాల్సిందే. కిస్తీల మీద కొన్న, గల్లీల పెడితే గీతలు గీకుతుండ్రు" అన్నాడు.

"నాకు అరుగు గావాలె" అంది సక్కుబాయి.

"అమ్మా, ఈ కాలంల అరుగులు ఎవ్వలు కడ్తుండ్రే?"

"నేను కడ్తున్న."

నేను మూడు రకాల ప్లాన్లు గీశాను. మొదటిదాంట్లో ముందంతా పార్కింగ్. రెండోదాంట్లో ఒక గది ముందుకు జరిపి షట్టర్ పెట్టాను, కావాలంటే దుకాణం అవుతుంది. మూడోదాంట్లో అరుగు. కాగితాలు ఆమె ముందు పరిచి, ఇది హాలు, ఇది వంటిల్లు అని ఎంత చెప్పినా ఆమె తల ఊపిందే తప్ప ఏమీ అర్థం కాలేదని ముఖమే చెప్పింది. కాసేపటికి ఆమెకే విసుగొచ్చి సంచి విప్పింది. నా ఆఫీసు నేల మీద బంతిపూలతో గోడలు వేసింది. వాకిలి దగ్గర పూలు తీసేసింది. వంటిల్లున్న చోట గుప్పెడు గులాబీ రేకులు పోసింది. ముందువైపు మాత్రం తెల్లటి చామంతులతో ఒక వరుస పేర్చి, దాని పక్కన కూర్చుంది.

"గిది అరుగు బిడ్డా. గిది లేకుంటే ఆ ఇంట్ల నాకేం పని? మీరే ఉండుండ్రి, నేను మార్కెట్లనే పండుకుంట."

శ్రవణ్ నా వైపు చూశాడు, మీరైనా చెప్పండి మేడం అన్నట్టు. నేను చామంతుల వైపే చూశాను. ఐదేళ్లలో ఇంత చక్కగా ఎవరూ నాకు తమ ఇల్లు చూపించలేదు.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఇంటి ముందు ఆరడుగుల జాగా ఉంది. అరుగు కడతాం, కానీ దాని పక్కన శ్రవణ్ బండి పట్టాలి. పట్టకపోతే అరుగు ఉండదు. ఆ మాటకు సక్కుబాయి కూడా సరేనని, శ్రవణ్ చెయ్యి పట్టుకుని నేల మీంచి లేచింది. వెంటనే చెయ్యి చాపి కొలిచింది.

"ఒక్క మూర ఎత్తు. మూడు మూరల వెడల్పు. గంతే చాలు."

నేను టేపు తీసి ఆమె మూర కొలిచాను. మోచేతి నుంచి మొదలై వేళ్ల కణుపుల దగ్గరే ఆగిపోయింది. పద్నాలుగు అంగుళాలు.

"ఇదేం మూరమ్మా? వేళ్లెక్కడ పోయినయి?" అన్నాను.

"పూలోళ్ల మూర గిట్లనే ఉంటది బిడ్డా" అంది నవ్వు దాచుకోకుండా. "వేళ్లు చాపి అమ్మితే నేనేం తినాలె?"

పద్నాలుగు మూళ్లు నలభై రెండు, అంటే మూడున్నర అడుగులు. బండికి రెండున్నర అడుగులు మిగులుతాయి. లెక్క సరిపోయింది. అంగుళాలు రాయబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నాకు తెలిసేటట్టు రాయి. మూరల్ల రాయి." రాశాను. ప్లాను మీద, అరుగు బొమ్మ పక్కన, నా ముద్దు ముద్దు అక్షరాలతో 'ఎత్తు 1 మూర, వెడల్పు 3 మూరలు' అని. తన ఇంటి ప్లాను తానే చదువుకునే మనిషిని చూసి నాకు గర్వంగా కూడా అనిపించింది. ఎంత తెలివితక్కువ పని చేశానో నాకు తర్వాత తెలిసింది.

పని మొదలైంది. మేస్త్రి సాలెహ్ భాయ్‌ది బార్కస్. ఆరడుగుల మూడంగుళాల మనిషి. తలుపు చౌకట్లలోంచి వంగకుండా వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. పని మాత్రం బంగారం, గోడ కట్టాడంటే తూకం దారమైనా వంకరపోవచ్చు, గోడ పోదు.

మధ్యలో టైల్స్ కొనడానికి వెళ్లినప్పుడు ఇంకో లొల్లి అయింది. శ్రవణ్ అద్దంలా మెరిసే తెల్ల టైల్ అరుగుకు కూడా వేద్దామన్నాడు. దుకాణంవాడు దాన్ని గుడ్డతో తుడిచి మరీ చూపించాడు. సక్కుబాయి పక్కనున్న నీళ్ల బాటిల్ తీసి దాని మీద ఒంపింది. చెంగులోంచి ఒక బంతిపువ్వు తీసి నలిపి రుద్దింది. పసుపు మరక పడింది. చెప్పు విడిచి కాలు పెడితే కాలు జారింది.

"నీళ్లల్ల నానబెట్టిన పూలు పెట్టుకోని దీని మీద ఆరుగురం కూసుంటే, ఆరుగురం ఆస్పత్రిల లేస్తం" అంది. గరుకుగా ఉండే చవకైన షాబాద్ బండలు తీసుకుంది. దుకాణంవాడు ముఖం మాడ్చుకున్నాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కానీ ఆ దుకాణంలో నాకు ఖాతా ఉంది కాబట్టి ఊరుకున్నాను.

గచ్చులు, రంగులు పూర్తయ్యే దశలో నేను వారం రోజులు వేరే పనిలో పడి అటు వెళ్లలేదు. ఒకరోజు పొద్దున్నే శ్రవణ్ ఫోన్ చేశాడు. "మేడం, జెల్ది రాండ్రి" అని మాత్రం అని పెట్టేశాడు.

వెళ్లేసరికి బండి ముందు చక్రం గేటులో ఉంది, మిగతా బండి గల్లీలో ఉంది. శ్రవణ్ హ్యాండిల్ పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. అరుగు చూశాను. అది అరుగు కాదు, చిన్న వేదిక. నలుగురు పెళ్లిళ్లు చేసుకోవచ్చు. టేపు పెట్టాను. వెడల్పు ఐదడుగులు. ఎత్తు ఇరవై అంగుళాలు. గోడకూ అరుగుకూ మధ్య అడుగు జాగా మిగిలింది.

"ఇదేంది భాయ్?" అన్నాను.

సాలెహ్ భాయ్ జేబులోంచి నా ప్లాను తీసి నా చేతిలోనే పెట్టాడు. "మీరే రాసిండ్రు కదా మేడం. మూడు మూరలు. మూర అంటే ఇదే కదా?" అని చెయ్యి చాపాడు. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా ఆ చెయ్యి అలా సాగుతూ పోయింది. "నా గల్తీ ఏంది? చెయ్యి ఇది, రబ్బర్ నహీ. దేవుడు ఇంతే ఇచ్చిండు."

తప్పు పూర్తిగా నాది. ముద్దు ముద్దు అక్షరాలు రాసినదాన్ని నేనే.

"ఫికర్ నక్కో, ఏం గాదు, పక్క నుంచి ఒకటిన్నర అడుగు కోస్తా" అన్నాడు సాలెహ్ భాయ్. మళ్లీ తనే తల గోక్కున్నాడు. "కానీ బండలు పగుల్తయి. కోసినంక ఎట్ల ఉంటదో చెప్పలేను."

"కోసుడు వద్దు భాయ్. మొత్తం తీసెయ్యి" అన్నాడు శ్రవణ్. "మాట మాటే కదా. బండి పట్టకుంటే అరుగు లేదని అమ్మ కూడా ఒప్పుకుంది. ఇగ మళ్ల కట్టేది కూడా లేదు."

సాలెహ్ భాయ్ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. అతను వెళ్లి గడ్డపార తెచ్చాడు.

అప్పుడే గల్లీ మొదట్లో ఆటో ఆగింది. సక్కుబాయి మార్కెట్ నుంచి నేరుగా ఇక్కడికే వచ్చింది, సాయంత్రం పెళ్లికి ఇవ్వాల్సిన పూల మూటలతో. ఎవరో ఫోన్ చేసి చెప్పేసినట్టున్నారు. ఆమె గేటు దాటి వచ్చి, గడ్డపారను చూసి, అరుగును చూసి, దాని మీద కూర్చుంది. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే అరికాళ్లు నేలకు సరిగ్గా ఆనాయి. చేత్తో బండను ఒకసారి తడిమింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూసి నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

"అమ్మా, తప్పు నాదే" అన్నాను. "నేను అంగుళాల్లో రాయాల్సింది."

అంతే. ఆ మాటతో ఆమెకు కోపం నషాళానికి ఎక్కింది. "ఏం చదివినవు బిడ్డా నువ్వు? మూర మూరకు ఫరక్ ఉంటదని తెల్వదా? నీ ఆఫీసుల కూసోని, పూలు పెట్టి, గంతగనం చూపిచ్చిన కదా!" అంటూ నా మీదికి లేచింది.

లేచి, వేలు చూపిస్తూ రెండడుగులు వేసి, ఆగిపోయింది. వెనక్కి తిరిగి అరుగును చూసింది.

నాకు అర్థం కాలేదు. శ్రవణ్‌ను చూశాక అర్థమైంది. అతని కుడిచెయ్యి తల్లి వైపు చాపి గాలిలో ఉంది. ముప్పై ఏళ్లు నేల మీద కూర్చుని ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. నేల మీద కూర్చుంటే తనంతట తాను లేవలేదు. లేవాలంటే ఒక చెయ్యి నేలకు ఆనించి, రెండో చేతికి ఎవరో ఒకరి చెయ్యి కావాలి. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ చెయ్యి శ్రవణ్‌దే. అలవాటుగా చాపాడు. ఆమె పట్టుకోలేదు.

"నేనెట్ల లేచిన?" అంది సక్కుబాయి.

కొడుకు వైపు తిరిగింది.

"శ్రవణూ, నేనెట్ల లేచినరా?"

"మళ్ల కూసో అమ్మా" అన్నాడు శ్రవణ్.

ఆమె కూర్చుంది. లేచింది. రెండు చేతులూ పైకెత్తి, అవి దేన్నీ పట్టుకోలేదని మా అందరికీ చూపించింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. ఆమె అడిగిన ఎత్తున, ఆమె మూరతో కట్టి ఉంటే, ఈపాటికి ఎవరి చేతికోసమో చూస్తూ ఉండేది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. నా చదువుకు గానీ, నా టేపుకు గానీ తట్టని కొలత సాలెహ్ భాయ్ పొడుగు చేతికి తెలిసిపోయింది. నాలుగోసారి లేచేసరికి ఆమెకు నవ్వాగలేదు. ఎదురింటి కిటికీలోంచి చూస్తున్నవాళ్లు కూడా నవ్వారు. నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి.

శ్రవణ్ ఆ చాపిన చేత్తోనే సాలెహ్ భాయ్ దగ్గరి గడ్డపార తీసుకుని గోడకు ఆనించాడు. తర్వాత గేటు దగ్గరికి పోయి, బండి ముందు చక్రాన్ని వెనక్కి లాగి గల్లీలో పెట్టాడు. స్టాండ్ వేశాడు.

"గీతలు పడ్తయి గదరా" అంది సక్కుబాయి.

"పడనీ" అన్నాడు.

ఆటో అతను ఇంకా గల్లీలోనే ఉన్నాడు. ఓపిక పట్టలేక పూల మూట భుజానికెత్తుకుని గేటు దాకా వచ్చాడు. "అమ్మా, ఇవి పాత ఇంటికి తీస్కపోవాల్నా, ఏడ దించాలె?"

సక్కుబాయి అరుగు ఒక కొసకు జరిగి కూర్చుని, పక్కన బండ మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"ఈడనే దించు. మా ఇంట్ల దించు."