సన్నాయి వాయించే మనిషి దవడ

దవడలో ఎముకను, ఆ ఎముక లోపల నరానికి దారిని ఏర్పరచిన సృష్టికర్తకు ముందుగా స్తోత్రం. ఆయన వేసిన దారిని ఫొటో తీయడమే చివరి సంవత్సరాల్లో నా ఉద్యోగం.

నాగర్‌కర్నూలు, గద్వాల సర్కారు దవాఖానాల్లో రేడియోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరయ్యాక, కరోనా తగ్గిన మరుసటి ఏడాది వనపర్తిలో ఒక ప్రైవేటు స్కానింగ్ కేంద్రంలో సీనియర్ టెక్నీషియన్‌గా చేరాను. అక్కడ సీబీసీటీ అనే యంత్రం ఉండేది. మామూలు ఎక్స్‌రే దవడను చదునుగా చూపిస్తుంది. ఇది తల చుట్టూ తిరిగి ఎముక ఎత్తు, మందం, లోపలి నరం దారి మిల్లీమీటర్లలో చూపిస్తుంది. ఇంప్లాంట్ అంటే ఊడిన పన్ను స్థానంలో ఎముకలోకి దించే లోహపు మర, స్క్రూ లాంటిది. అది నరానికి తగిలితే కింది పెదవి మొద్దుబారుతుంది. కొందరికి స్పర్శ మళ్లీ రాదు. అందుకే ముందు స్కాను.

ఆ వేసవిలో గద్వాలలోని ఒక దంతవైద్యురాలు అమరచింతకు చెందిన చెన్నయ్యను మా దగ్గరికి పంపారు. ఆయన పెళ్లిళ్లలో సన్నాయి వాయిస్తాడు. కింది పళ్లు ఒక్కటీ లేవు. కట్టుడు పళ్లు పెట్టుకుంటే ఊదినప్పుడల్లా లేచి వస్తున్నాయి. దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు దించి, పళ్ల సెట్టును వాటికి తగిలించాలన్నది డాక్టరుగారి ఆలోచన. చెన్నయ్య ఆలోచన మాత్రం పెదవి గురించే. సన్నాయి పీకను పట్టేది పెదవులు గదా.

"పండ్లు లేకున్న అంబలి తాగి బతుకుత సారూ. పెదిమె పోతె నన్ను పెండ్లికి ఎవడు పిలుస్తడు?" అన్నాడు.

"పిల్వకేం, కట్నాలు సదివిచ్చెటానికి పిలుస్తరు" అంది ఆయన భార్య బాలమ్మ.

పళ్లున్నవారికి కరిచి పట్టుకోవడానికి ఒక చిన్న కడ్డీ ఇస్తాం, దవడ కదలదు. చెన్నయ్యకు కరవడానికి కింద ఏమీ లేదు. గడ్డం ఆనించే పీట మీద గడ్డం పెట్టించి, తలకు పట్టీ బిగించి, కదలవద్దని చెప్పి, తలుపు వేసి మీట నొక్కాను. సీసపు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. తల కదలలేదు. మీసం కదిలింది.

బొమ్మలో దవడ అంచు రెండు గీతలుగా వచ్చింది. నరం బయటికి వచ్చే రంధ్రం ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. కదిలారా అని అడిగాను.

"ఇసుమంత గూడ కదల్లే."

"కదల్లేదంటవేంది? కురుమూర్తి సామిని తల్సుకుంట నిలవడితివి గదా, నేను అద్దంలకెల్లి సూడలేదా?" అంది బాలమ్మ. కురుమూర్తి సామి అంటే వాళ్ల వైపు కొండమీది వేంకటేశ్వరుడు.

"సామిని తల్సుకునుడు గూడ కదులుడేనా?"

స్కాను పరంగా అవునని చెప్పవలసి వచ్చింది. బైబిలు లేఖనాలలో బిడ్డ కోసం ఒక స్త్రీ పెదవులు మాత్రమే కదిలిస్తూ ప్రార్థిస్తుంటే, చూసిన యాజకుడు ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. ఆ భాగం మీద మా సంఘంలో వాక్యం చెప్పినవాణ్ణి నేను. ప్రార్థన ఆపమని ఒక మనిషిని బతిమాలే పని నాకు పడుతుందని అప్పుడు తోచలేదు.

మళ్లీ తీయడమంటే మళ్లీ రేడియేషన్. వైద్యుల అనుమతి లేకుండా టెక్నీషియన్ తీయరాదు. డాక్టరుగారికి బొమ్మలు పంపి ఫోను చేశాను. దీన్ని నమ్ముకుని మర దించలేనని, ఇంకొక్కసారికి మాత్రమే అనుమతిస్తానని, అదీ చెడితే ఇంప్లాంట్ల మాట మరిచిపోవాలని ఆమె అన్నారు. ఆ సంగతి చెన్నయ్యకు చెప్పి, మనసులో తలచుకోమన్నాను.

"మనసుల అనుకుంటె నాలిక ఊకుంటదా సారూ? సన్నాయోని నాలిక" అన్నాడు. తర్వాత నా మెడలోని సిలువను చూసి, "మీ దేవుని మొక్కెటోల్లను గూడ గిట్లనే ఆపుతరా?" అని అడిగాడు.

ఆ పీట మీద గడ్డం పెడితే మా పాస్టరుగారినైనా ఆపుతానన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. బాలమ్మ అందుకుంది.

"నువ్వు నోరు మూస్కోని నిలవడు. నీ దిక్కెల్లి నేను మొక్కుత."

"నీ మొక్కు సామికి ఇనవడ్తదా?"

"నీ సన్నాయి లేకుంటె మంచిగ ఇనవడ్తది."

ఈసారి చెన్నయ్య పై పళ్లకూ కింది చిగుళ్లకూ మధ్య దూది చుట్ట పెట్టి కరిపించాను. ఉమ్మి మింగమని, నాలుకను అంగిలికి ఆనించమని చెప్పాను. తలుపు వేశాక బాలమ్మ నా పక్కన నిలబడి చేతులు జోడించి గోవిందా గోవిందా అనసాగింది. నేనూ నా ప్రభువును వేడుకున్నాను, కళ్లు మూయకుండా. మీట నొక్కిన తరువాత రోగి మీదనుంచి చూపు తీయరాదన్నది నియమం. మీసం కదలలేదు.

బొమ్మ స్పష్టంగా వచ్చింది. ఎడమవైపు నరం రంధ్రాన్ని దాటి ముందుకు పోయి, మలుపు తిరిగి, వెనక్కి వచ్చి బయటపడుతోంది. కొందరికి అలా ఉంటుంది. మొదట అనుకున్న చోట మర దిగితే సరిగ్గా ఆ మలుపు మీదే. డాక్టరుగారు దాన్ని గడ్డం మధ్యకు జరిపి, పొట్టి మర ఎంచుకున్నారు.

ఇంప్లాంట్లు దించిన కొన్ని నెలల తరువాత ఇద్దరూ వనపర్తి బజారులో కనబడ్డారు. పెదవి ఎలా ఉందని అడిగాను. ఛాయ్ తాగితే సుర్రుమంటున్నదని చెన్నయ్య సంతోషంగా చెప్పాడు.

"పొద్దు పొడవకముందే ఊదుతున్నడు సారూ. పక్కింటోల్లు డాక్టరమ్మ పేరు అడుగుతున్నరు" అంది బాలమ్మ.

వాళ్లకూ పళ్ల బాధ ఉందా అన్నాను.

"లేదు, తిట్టెటానికి."

కదలవద్దు అంటే రోగి తన తల గురించే అనుకుంటాడు. భయపడిన మనిషి ఆ కొద్ది సెకన్లలో ఏదో ఒకటి చేస్తాడు. కొందరు మొక్కుతారు, కొందరు అంకెలు లెక్కబెడతారు, కొందరు యంత్రాన్ని తిడతారు. అన్నిటికీ దవడ కదులుతుంది. కాబట్టి ఏం చేయకూడదో చెప్పే ముందు, ఏం చేయబోతున్నారో అడగాలి. ఉద్యోగం మానేవరకు అందరినీ అడిగాను.

ఇది చదివినవారు నాతో కలిసి ప్రార్థించండి: ఈ వేళ ఎక్కడో గడ్డం ఆనించి నిలబడినవారి కోసం, వాళ్ల బొమ్మలు చూసే కళ్ల కోసం, ఎముకలోకి మర దించే చేతుల కోసం. మీరు యంత్రంలో లేరు కాబట్టి పెద్దగానే ప్రార్థించవచ్చు. ఆమేన్.