ఎర్ర దారం కట్టిన సంచులు

మొన్న ఏలూరులో మా ఇంటి ఫ్రిజ్ బాగుచేసి వెళ్లినతని కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, పని ఎలా చేశారండీ, అయిదు మార్కులకు ఎన్ని వేస్తారండీ అని ఎంతో మర్యాదగా అడిగింది. ఫ్రిజ్ కింద నీళ్లు కారుతూనే ఉన్నాయి, గోనెపట్టా కూడా పరిచాను, అయినా చాలా బాగా చేశారు, అయిదూ వేసుకోమ్మా అనేశాను. ఫోన్ పెట్టేశాక నాకే నవ్వొచ్చింది. ఇలాంటి అబద్ధమే ఇంత తియ్యగా చెప్పి, పెద్దమనిషి ఒకాయన ముందు తల వంచుకు నిలబడ్డ రోజు గుర్తొచ్చింది.

అప్పట్లో తాడేపల్లిగూడెంలో వ్యవసాయ ఆఫీసులో నాకు కొత్తగా ఉద్యోగం. వరి ఎడంగా నాటితే పిలకలు ఎక్కువేసి దిగుబడి పెరుగుతుందని మా ఆఫీసరుగారి నమ్మకం. మెరక చేలల్లో ఆయన చేసి చూసిందే అది. దాన్ని కొల్లేటి అంచు ఊళ్లకూ చెప్పాలని, భీమడోలు దాకా బస్సులో వెళ్లి, అక్కణ్నుంచి అద్దె సైకిలు మీద ఎండనక వాననక తిరిగేవారు. ఏ రైతును అడిగినా బాగుందండీ అనేవాడు, ఆయన వచ్చి చెబితే నేను ఆఫీసు పుస్తకంలో రాసుకునేదాన్ని. మన గోదావరి వాళ్ల సంగతి మీకు తెలియనిదేముంది, గుమ్మంలోకొచ్చిన మనిషిని కాదనడం కంటే నాలుగు బస్తాలు పోగొట్టుకోవడమే మనకు తేలిక.

ఆ ఊళ్లలో ఒకదాంట్లోనే మా పిన్ని సొంత చేను చేసుకునేది. ఒక ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింట్లో భోంచేస్తూ, ఎడం నాట్లు ఎలా ఉన్నాయని అడిగాను.

“నీళ్లు నిలిచే చేలో పిలకలెక్కడేస్తాయే? ఆయనగారికి కనబడేలా గట్టు పక్కన నాలుగు వరుసలు ఎడంగా వేసి, లోపలంతా మామూలుగానే నాటేస్తాం. పాపం అంత ఎండలో వచ్చి చెబుతుంటే బాగోలేదని ఎలా అంటాం?” అంది.

మర్నాడు భయపడుతూనే ఆయనతో చెప్పాను. అప్పటికి ఆ సలహా ఆయన పేరుతో చిన్న పుస్తకంగా అచ్చుకు వెళ్లబోతోంది, కొల్లేటి ఊళ్లన్నిటికీ పంచుతారట. ఆయన కోప్పడతారనుకున్నాను గానీ, తప్పు వాళ్లది కాదు, మనం అడిగిన పద్ధతిదే అన్నారు. ఆ సార్వాకు, అంటే వానాకాలం పంటకు, పిన్ని చేలో ప్రతి మడినీ రెండు సగాలు చేసి, ఒక సగం ఎడంగా, ఒక సగం దగ్గరగా నాటించారు. కోతయ్యాక ధాన్యాన్ని ఒకేలాంటి సంచుల్లో పోయించి, ఒక రకానికి ఎర్ర దారం, ఇంకో రకానికి తెల్ల దారం నన్నే కట్టమని, ఏది ఏదో చీటీ మీద రాసి దాచమన్నారు. తనకు తెలిస్తే తన చెయ్యే కాటాను నొక్కుతుందట.

కళ్లంలో ఆయనే తూచారు. ప్రతి జతలోనూ ఎర్ర దారం సంచే బరువు తూగింది. ఎర్రది ఎవరిదమ్మా అని నా వైపు చూశారు. ఎర్రది దగ్గర నాటు. ఆ ముఖంలో ఆశ చూసి నాకు ప్రాణం ఉసూరుమంది, మీదేనండీ అన్నాను. పక్కనున్న పిన్ని, మేం ముందే అనుకున్నామండీ అని వంత పాడింది.

“చీటీ ఇవ్వమ్మా,” అని ఆయన చెయ్యి చాచారు.

చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పుస్తకం అచ్చు ఆపించారు. తాను సైకిలు మీద తిరిగి చెప్పిన ప్రతి ఊరికీ మళ్లీ అదే సైకిలు మీద వెళ్లి, నేను చెప్పింది మీ చేలకు పనికిరాదండీ, తప్పు నాదే అని చెప్పి వచ్చారు. అబ్బే, అలా అనకండి, బాగానే పండిందండీ అని రైతులే ఆయన్ని ఓదార్చారు. అంతటి మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు.

ఆయన రిటైరైన రోజున, నీకేమైనా నేర్పానా అమ్మా అని అడిగారు. చాలా నేర్పారండీ అన్నాను. చీటీ ఉందా మరి అని నవ్వారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు రోజుకొకరు ఫోన్ చేసి అభిప్రాయం అడుగుతారు, మార్కులు వేయించుకుంటారు, చీటీ కోసం చెయ్యి చాచేవాళ్లే కనబడరు. నేను జీవితమంతా మర్యాదకు అన్న మాటల మధ్య చాలా నేర్పారండీ అని ఆయనతో అన్నది మాత్రం నిజం. ఆయన నమ్మారో లేదో నాకు తెలియదు.