ఒకే మేత పెట్టిన సీసాలు

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున, మా ల్యాబు చాచా యాకుత్‌పురాలోని తన ఇంట్లో కన్నుమూశారని ఫోన్ వచ్చింది. సోమవారం కాలేజీలో సంతాప సభ పెట్టారు. "చదువు ఆయన రక్తంలో లేదు. అయినా పాపం, నమ్మకంగా పనిచేశాడు" అన్నారు మా ప్రొఫెసరు. నాకు ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

పండ్ల ఈగల మీద మా పరిశోధన. వేడి ప్రాంతపు ఈగలు చిన్నగా, చల్లటి కొండల ఈగలు పెద్దగా ఉంటాయి. ఆ తేడా జన్యువుల్లోనే ఉందా అన్నది ప్రశ్న. కాగితాల్లో చాచా అటెండరు. ఆ ఈగల వంశాలను ఏళ్ల తరబడి బతికించింది మాత్రం ఆయనే. మొక్కజొన్న పిండి, బెల్లం కలిపి మేత వండి, వేలి మీద చుక్క వేసుకుని రుచి చూసేవారు. రంజాన్ నాడు కూడా నమాజు కాగానే కొత్త బట్టలతోనే వచ్చి సీసాలు మార్చేవారు.

నేను చేరిన కొత్తలో, నయాపూల్ పండ్ల బండ్ల దగ్గర పట్టిన ఈగలకు మరీ చిన్న పిల్లలు పుట్టాయి. జన్యువు దొరికిపోయిందని సంబరపడ్డాను. చాచా సీసా వెలుతురుకు ఎత్తి చూశారు.

"ఏంది బేటీ, ఒక్క సీసాల గన్ని గుడ్లు పోస్తవా? ఇవి ఆకలికి చిన్నగైనయి, పుట్టుకతోని కాదు. అన్నిటికీ ఒక్క తీరు జాగ, ఒక్క తీరు మేత పెట్టు. రెండు మూడు తరాలు చూడు. అప్పటికీ చిన్నగుంటే గప్పుడు చెప్పు, రక్తంలనే ఉందని."

సిగ్గుపడి మళ్లీ మొదలుపెట్టాను. మూడు తరాలకు ఆ మరీ చిన్నతనం పోయింది, కొండ ఈగలతో తేడా మాత్రం నిలిచింది. దాంతోనే నాకు డాక్టరేటు వచ్చింది. థీసిస్‌లో ప్రొఫెసరుకు పేజీ నిండా కృతజ్ఞతలు చెప్పి, చాచా పేరు వదిలేసింది నేనే. "ఫికర్ చెయ్యకు బేటీ, ఈగలకు ఎరుకే" అన్నారాయన.

ఏడో తరగతిలో బడి మాని హోటల్లో గ్లాసులు కడిగిన మనిషి ఆయన. ప్రొఫెసరుది తాతల నాటి నుంచీ చదువుకున్న ఇల్లు. ఇద్దరికీ ఒక్క తీరు జాగ ఎవరిచ్చారని రక్తం సంగతి తేల్చారు? బతుకంతా వారసత్వం పాఠాలు చెప్పినాయనకు ఈ మాత్రం తెలియదా? సభలో లేచి అడగలేకపోయాను. ఆ కోపం నా మీదే.

సభ అవగానే, ఇక చూసుకునేవాళ్లు లేరని ఈగల సీసాలన్నీ కడిగేయమన్నారు ప్రొఫెసరు. రెండు మాత్రం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. చీటీల మీద చాచా ఉర్దూ రాత ఇంకా చెరగలేదు. నిన్న వాటికి మేత వండి దించి, వేలి మీద చుక్క వేసుకున్నాను. బెల్లం తక్కువైంది. గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టాను.